ఎవరో గీసిన గీతలు

“ఈ పిచ్చిగీతలకా నువ్వు డబ్బు తగలేసింది!”

భర్త అరుపుకి ఆమె ఉలిక్కిపడలేదు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఇదే మొదటిసారి! సోఫాకి ఆనించిన ఆ పటంలో ఉన్నవి మూడే బొమ్మలు... చివరలు కలవని ఒక సున్నా, ఏటవాలుగా ఒక గీత, అడుగున నాలుగు సిరా చుక్కలు. తెల్లకాగితం మీద నలుపు తప్ప మరో రంగు లేదు. “జపానులో జెన్ సన్యాసుల పద్ధతమ్మా! ఒక్కో గీతనీ కుంచె ఎత్తకుండా ఒక్క ఊపిరిలో గీసేస్తారు. ఇది దానికి అచ్చు ప్రతి” అన్నాడు పొద్దున ఫ్రేముల దుకాణం అతను. ఆ సున్నాని చూడగానే ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి...

“హెడ్మాస్టరు ఇంట్లో ఇదేం బొమ్మని నలుగురూ నవ్వరూ? వెళ్లి తిరిగిచ్చేసి రా!”

“ఇవ్వను.”

“ఏమన్నావ్?”

“ఇవ్వనన్నాను! మన పిల్ల ఇలాంటివే గీసేది కదండీ! చదువు పాడవుతోందని ఆ కాగితాలన్నీ చెత్తబండిలో పడేశారే, ఆ రోజు మర్చిపోయారా? నేను మర్చిపోలేదు. ఆరేళ్లుగా నా కడుపు రగిలిపోతూనే ఉంది!”

ఆయన గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. మందుల షాపులో పొద్దుటి డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చింది. ఆరేళ్లుగా ఆ పిల్ల ఇంట్లో అవసరానికి మించి పెదవి విప్పదు.

“చూడమ్మా... నీకోసమే తెచ్చాను!” అంది తల్లి ఆశగా.

కూతురు పటాన్ని చూసింది. చూస్తూ చూస్తూ ఆమె దవడలు బిగుసుకున్నాయి.

“ఎవరో గీసినవి కొనుక్కొచ్చావా అమ్మా? నావి చెత్తబండి ఎక్కుతుంటే గేటు తెరిచి పట్టుకున్నది ఎవరు? నాన్నకి అవి అర్థం కాలేదు, పారేశారు. నీకు నచ్చేవి కదా! పక్కింటావిడకి చూపించి మురిసిపోయేదానివి కదా! ఆ రోజు ఒక్క మాట... ఒక్క మాట అడ్డం చెప్పలేకపోయావా?”

ఆ మాట తల్లి గుండెలో సూటిగా దిగింది. భర్త మీద కోపమనుకుంటూ ఇన్నేళ్లూ మోసిందంతా తన మీద తనకున్న కోపమేనని ఆ క్షణాన తెలిసింది. కూతురి ముందు నేల మీద కూర్చుంది.

“అవునే తల్లీ... గేటు తీసింది నేనే. భయపడ్డాను... నిన్ను ఒంటరిదాన్ని చేశాను!”

“తియ్యమన్నది నేను” అన్నాడు తండ్రి, తల వంచుకుని. “అమ్మనేం అనకు.”

“అంటాను! ఇద్దర్నీ అంటాను! ఇవాళ ఇద్దరూ వినాల్సిందే!”

విన్నారు. ఆరేళ్లుగా మింగిందంతా ఆ పిల్ల ఏడుస్తూ, అరుస్తూ కక్కేస్తుంటే పొయ్యి మీద కూర మాడింది... ఎవరూ లేవలేదు. తండ్రి ఒక్కసారి కూడా మధ్యలో అడ్డు రాలేదు. చివరికి కూతురు ముఖం తుడుచుకుని పటం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆ గీత వెంబడే అద్దం మీద వేలు నడిపింది.

“ఇంత లావు కుంచె ఎక్కడ దొరుకుతుందో ఇది కొన్న దుకాణంలో అడగాలి. రేపు నాతో రా” అంది, తల్లి వైపు తిరగకుండానే.

“వస్తాను తల్లీ! ఎన్నింటికి రమ్మంటే అన్నింటికి...”

“పదింటికి. ఆలస్యం చేశావో, ఊరుకోను!”

ఆ గొంతులో కోపం ఇంకా చల్లారలేదు. ఆ కోపానికే తల్లి కళ్లు పొంగిపొర్లాయి.