రాణి పట్టుకున్న నాడి

"పోలీసు కోచింగ్ పక్క ఈదిలో. ఇది నర్సింగ్‌ది," అంది రాణి, గుమ్మంలో గొడుగు దులుపుతున్న అబ్బాయితో.

"నేనూ నర్సింగ్‌కే వచ్చాను."

"మగోడివి, నర్సువవుతావేటి?"

"జ్వరం మగోళ్ళకి రాదేటి?" అంటూ అతను వచ్చి ఆమె పక్క చాప మీదే కూర్చున్నాడు. గొడుగులోని వానంతా ఆమె పుస్తకం మీద కురిసింది.

అది కోటబొమ్మాళిలో గున్నమ్మగారి వరండా. హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఆవిడ, నర్సింగ్ ఎంట్రన్స్ రాసే పిల్లలకి పాఠాలు చెబుతుంది. అందరూ సిస్టరమ్మ అంటారు. రాణి సముద్రం ఒడ్డునున్న పల్లె నుంచి ఆటోలో వస్తుంది. వాళ్ళ నాన్న వేటకి వెళతాడు, అమ్మ సంతల్లో చేపలు అమ్ముతుంది. గొడుగబ్బాయి పేరు త్రినాథ్. బజారులో కిరాణా కొట్టు నడిపే కాంతంగారి ఒక్కగానొక్క కొడుకు.

"నిజం సెప్పు, కొట్టు వదిలేసి ఇదేటి?" అని రాణి నాలుగోనాడు అడిగేసింది.

"మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక మగ నర్సు ఉండేవాడు. బ్రదర్ అనేవాళ్ళం. ఆయన పక్కకి తిప్పి వీపు తుడిస్తే మా నాన్న సిగ్గుపడేవాడు కాదు. ఆకర్న పోయేముందు నాన్న పిలిచింది కూడా ఆయన్నే."

రాణి ఆ తరవాత అతన్ని పోలీసు అని ఏడిపించడం మానేసింది. కొట్టు అని ఏడిపించడం మొదలుపెట్టింది.

సిస్టరమ్మ పాఠాలు పుస్తకంతో ఆగేవి కావు. "డాక్టరు వచ్చి సూసి ఎల్లిపోతాడు. మిగతా పూటంతా రోగి మన సేతుల్లోనే. మందు పనిచేసిందా, ఊపిరి మారిందా, భయపడతన్నాడా, అన్నీ మనమే కనిపెట్టాలి. జాలి ఉంటే సాలదు, బుర్ర ఉండాలి," అనేది.

క్లాసయ్యాక ఇద్దరిద్దరూ కూర్చుని ఒకరి నాడి ఒకరు చూడటం నేర్చుకోవాలి. అది ఎలా పట్టుకోవాలో చెప్పిన రోజు రాణి రాలేదు, అమ్మతో టెక్కలి సంతకి వెళ్ళింది. మర్నాడు వచ్చేసరికి మిగతా అమ్మాయిలు జతలైపోయారు. త్రినాథ్ ఒక్కడే మిగిలాడు.

రాణి అతని మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూసింది. నిమిషానికి నూటపది, ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. మర్నాడూ అంతే. వారం గడిచినా అంతే. ఆమెకి గుండెలో రాయి పడింది. వాళ్ళ మావయ్య ఇలాగే గుండె దడ దడ అంటూ పడవ మీద ఒరిగిపోయాడు. ఒడ్డుకి తెచ్చేసరికి పలకలేదు.

"డాక్టరుకి సూపించుకో," అంది.

"నాకేటీ లేదు," అని త్రినాథ్ నవ్వాడు. ఆ నవ్వే ఆమెకి మరీ భయం పుట్టించింది.

వైజాగ్‌లో ఎంట్రన్స్ మర్నాడనగా రాణి తిన్నగా కొట్టుకి వెళ్ళి కాంతంగారికి చెప్పేసింది. కాంతంగారి చేతిలో తూకపు రాయి అలాగే ఉండిపోయింది. "మొగుణ్ణి పోగొట్టుకున్నాను, బిడ్డని పోగొట్టుకోలేను. పరీచ్చా వద్దు, వైజాగూ వద్దు. ఆడు కొట్లోనే కూకుంటాడు."

లోపల్నుంచి వచ్చిన త్రినాథ్ రాణి వంక చూశాడు. కోపంగా కాదు, ఏదో చెప్పలేక. అది చూసి రాణికి ఏడుపొచ్చింది. మంచి చేద్దామని వచ్చి, ఇన్నాళ్ళ అతని కష్టాన్ని ఒక్క మాటతో మట్టిలో కలిపేసింది.

"అమ్మగారూ, సిస్టరమ్మ సేత సూపిద్దాం. ఆవిడ వద్దంటే అప్పుడు మానేస్తాడు," అని బతిమాలింది.

ముగ్గురూ వానలో తడుస్తూ సిస్టరమ్మ వరండాకి వచ్చారు. సిస్టరమ్మ త్రినాథ్ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆన్చి లెక్కపెట్టింది. "డెబ్బై ఆరు. గుర్రంలా ఉన్నాడు. జబ్బని ఎవులు సెప్పారు?"

"నేనే. రోజూ సూస్తన్నాను, నూటపదికి తగ్గదు."

"ఏదీ, పట్టుకో."

రాణి పట్టుకుంది. బొటనవేలితో, గట్టిగా.

"ఒసే, అది సేప కాదే, మెత్తబడిందో లేదో నొక్కి సూడ్డానికి," అంది సిస్టరమ్మ, నవ్వాపుకుంటూ. "బొటనేలికి దాని నాడి దానికి ఉంటాది. అందుకే ఆ వేలితో సూడం. ఇన్నాళ్ళూ నువ్వు లెక్కెట్టింది ఈడి గుండె కాదు, నీది."

రాణి చెయ్యి వదిలేసింది. కాంతంగారు ఒకసారి ఆ పిల్లనీ, ఒకసారి కొడుకునీ చూసి, కొంగుతో మొహం తుడుచుకున్నారు. నవ్వు దాచుకోవడానికో, వాన నీళ్ళు తుడుచుకోవడానికో తెలియలేదు.

మెట్ల దగ్గర రాణి అతన్ని నిలదీసింది. "నీకు ముందే తెలుసు కదూ?"

"నీ నాడి నేను సూసినప్పుడూ అదే లెక్క వచ్చేది."

"మరెందుకు సెప్పలేదు?"

"సెప్తే వేలు మార్చేస్తావని."

"మీ అమ్మ దగ్గరైనా సెప్పొచ్చు కదా? పరీచ్చ పోయేది."

"నీ గుట్టు మా కొట్లో బయటపెట్టమంటావా?"

రాణికి రోషం వచ్చింది. "అయితే నీది డెబ్బై ఆరేనా? నేనంటే ఏటీ లేదన్నమాట."

"అది సిస్టరమ్మ పట్టుకుంటే," అని త్రినాథ్ చెయ్యి చాపాడు. ఈసారి ఆమె మూడు వేళ్ళు ఆన్చింది. వేళ్ళ కింద నాడి పరుగెడుతోంది. లెక్క మధ్యలోనే తప్పింది, కానీ ఆమె మళ్ళీ మొదలుపెట్టలేదు. తెలియాల్సింది తెలిసిపోయింది.

తెల్లారి స్టేషన్‌కి కాంతంగారు టిఫిన్ క్యారేజీతో వచ్చారు. "ఇద్దరూ ఉద్యోగాల్లో సేరాక వచ్చి అడగండి. అంతవరకూ నేనేటీ వినలేదు," అని, క్యారేజీ మాత్రం కొడుక్కి కాకుండా రాణి చేతికిచ్చారు.

రైలు కదిలింది.

"ఇద్దరికీ సీట్లొస్తాయి," అన్నాడు త్రినాథ్. "కానీ సెరొక ఊళ్ళో వస్తే?"

"రానీ. మా నాన్న వేటకెల్లేటప్పుడు మా అమ్మ ఏడవదు. ఏ కూర వండమంటావని అడుగుతాది. తిండికి వస్తాడని లెక్క."

"అయితే అడుగు."

"ఏ కూర వండమంటావు?"

"సేపల పులుసు."

"మీ ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరు కదా."

"నాలుగేళ్ళ సదువుంది కదా, అలవాటు సేసుకుంటాను," అన్నాడు త్రినాథ్.