తొమ్మిదుల కొడుకు

"ఒకటి... రెండు... ఒకటి... మూడు... మళ్ళీ రెండు! ఇవేనేటే నీ మార్కులు?"

పైడయ్య మార్కుల కార్డు మీద వేలు పెట్టి ఒక్కో అంకే చదువుతున్నాడు. అతనికి ఇంగ్లీషు అక్షరాలు రావు గాని అంకెలు వచ్చు. తాను చదివిన రబ్బరు తోట బడిలో పదికి పది తెచ్చుకున్నవాడే మొనగాడు, ఒకటి తెచ్చుకున్నవాడు బెంచీ ఎక్కి నిలబడేవాడు. అంకె పెద్దదైతే చదువు వచ్చినట్టు, చిన్నదైతే రానట్టు! ఇందులో ఒకరిని అడగాల్సింది ఏముంది? గుమ్మం దగ్గర కూతురు పుష్పవల్లి, తెలుక్ ఆన్సన్ పట్నం బస్సు దిగి వచ్చిన స్కూలు బట్టలతోనే తల వంచుకుని నిలబడింది. పొయ్యి ముందు కూర్చున్న తల్లి దాలమ్మకు ఆ అంకెలు ఒక్కొక్కటీ గుండెల్లో గుచ్చుకుంటున్నాయి.

"పెద్ద పరీచ్చకి ముందు పెట్టిన ఉత్తుత్తి పరీచ్చకే ఇలగుంటే, రేపు కేంబ్రిడ్జి పరీచ్చలో ఏటి రాస్తావే? శనివారం నాను ఇస్కూలుకి రావాలంట! పరీచ్చ అయినాక ఈ పిల్లని ఏటి సదివించాలో పెద్ద టీచరమ్మ సెప్తాదంట! ఏటి మొకం ఎట్టుకుని ఎల్లను? నీ అన్న తెచ్చినాడే మార్కులు! ఎనిమిదులు! తొమ్మిదులు! ఆడి ఎనకే పుట్టినావు కదే... రవ్వంతైనా రానేదా!"

పాపం పైడయ్య! అంతా తలకిందులుగా పట్టుకున్నాడు. ఆ దొరల పరీక్షలో ఒకటే గొప్ప, తొమ్మిది అంటే తప్పినట్టు. పుష్పవల్లి తెచ్చినటువంటి మార్కులు ఆ స్కూలు మొత్తం మీద ఏ ఇద్దరికో ముగ్గురికో వచ్చి ఉంటాయి! ఈ మార్కులకు టీచరు ట్రైనింగు చేతికి అందినట్టే. ఈ సంగతి దాలమ్మకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఎలా విప్పుతుంది? విప్పితే చచ్చిపోయిన కొడుకు మళ్ళీ చచ్చిపోతాడు!

రెండేళ్ళ కిందట జయరామ్ ఇలాగే కార్డు పట్టుకుని వచ్చాడు. వాడు నోరు తెరిచేలోపే తండ్రి కార్డు లాక్కున్నాడు. అన్నీ ఎనిమిదులు, తొమ్మిదులు! ఇంకేముంది, ఎదిగిన కొడుకును అమాంతం ఎత్తుకుని తిప్పాడు. కూలీల లైను ఇళ్ళన్నీ తిరిగి చెప్పాడు. ఆఫీసుకు పోయి గోపాలకృష్ణ కిరాణీకి కూడా చెప్పాడు. ఇంగ్లీషు వచ్చిన ఆ గుమాస్తా ఏమీ అనలేక కాగితాల్లో తల దూర్చుకుంటే, "నా కొడుకు పైకొస్తన్నాడని కడుపుమంట!" అని ఇంటికొచ్చి నవ్వాడు. ఆ సాయంత్రం బట్టలుతికే తొట్టి దగ్గర జయరామ్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, అయి తప్పిన మార్కులే! అయ్యకి ఎలగ సెప్పను?" అని ఏడ్చాడు. "ఊరుకో! అయ్యకి తెలిస్తే గుండె పగిలిపోతాది. పెద్ద పరీచ్చకి బాగా సదువు" అంది దాలమ్మ. అంతే అంది... ఆ పెద్ద పరీక్ష దాకా వాడు ఆగలేదు. దానికి భయపడే, తోటకు కాపలా కాసే స్పెషల్ కానిస్టేబుల్‌గా పేరు ఇచ్చేశాడు. తోట దారిలో పొదల్లోంచి దొరల మీద తిరగబడి అడవి పట్టిన మనుషులు కాల్చిన తూటాకు పోయాడు!

"తొమ్మిదుల కొడుకే! నా తొమ్మిదుల కొడుకే!" అని పైడయ్య శవం మీద పడి గుండెలు బాదుకున్నాడు. ఆ పేరే తోటలో నిలిచిపోయింది. మొన్న దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మెర్డేకా నాడు అందరూ జెండా చుట్టూ కేకలు వేస్తుంటే, "నా కొడుకుంటే ఈ పాటికి ఆపీసరయ్యేవోడు" అని అతను పదిమందిలో కళ్ళు తుడుచుకున్నాడు. పదిమందీ ఓదార్చారు. దాలమ్మను కూడా ఓదార్చారు. కాని వాళ్ళు ఓదార్చింది ఏ కొడుకు కోసం? వాళ్ళు ఎరిగిన జయరామ్ వేరు, తొట్టి దగ్గర ఏడ్చిన జయరామ్ వేరు. ఆ రెండోవాడి కోసం ఏడవడానికి ఈ లోకంలో ఆమెకు తోడు ఒక్కరు లేరు. మొగుడి పక్కనే పడుకుని, మొగుడికి చెప్పుకోలేని ఏడుపు... అంతకన్నా ఒంటరితనం ఆడదానికి ఇంకేముంటుంది!

"సోమవారం నుంచి ఇస్కూలు మాట నేదు" అన్నాడు పైడయ్య. "అమ్మతో రబ్బరు పాలు తియ్యడానికి ఎల్లు!"

ఇప్పుడు చెబుతుంది, కూతురే చెబుతుంది అని దాలమ్మ ఊపిరి బిగబట్టింది. పుష్పవల్లి మెల్లగా తల ఎత్తింది. గోడ మీద అన్న ఫోటో వంక ఒకసారి చూసింది.

"అలాగే అయ్యా. నాకు సదువు అబ్బనేదు" అని గిర్రున వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్ళిపోయింది.

దాలమ్మ గబుక్కున లేచింది! పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి కూతురి వెనక పరిగెత్తింది. లైను ఇళ్ళ చుట్టూ వేసిన ముళ్ళకంచె దగ్గర నిలబడి పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఏలే అలగన్నావు? నీ మార్కులు మంచివి కావా?"

పుష్పవల్లి ఉలిక్కిపడింది. "అమ్మా! నీకు... నీకు తెలుసా?"

"మీ అన్నే సెప్పినాడు."

"ఓలమ్మా! నీకు తెలీదనుకున్నానే! క్లాసులో ఈ లెక్క సెప్పిన రోజు నాను అన్నం తిననేదు. నిజం సెప్తే నా సదువు నిలబడతాది, అన్నయ్య పేరు పోతాది. ఆడి పేరు సెప్పుకునే కదా నువ్వూ అయ్యా బతుకుతున్నారు! సదువు పోతే పోనీలే అమ్మా..."

దాలమ్మ కూతురిని గుండెలకు అదుముకుంది. ఒకే గదిలో, ఒకే దీపం కింద, తల్లీ కూతురూ ఒకే రాయిని చెరొక పక్కన మోసుకుంటూ తిరిగారన్నమాట! ఒకరి మొహం ఒకరు చూసుకుని కూడా తెలుసుకోలేకపోయారన్నమాట! కొడుకు రోజున నోరు మూసుకుని వాణ్ణి పోగొట్టుకుంది. ఈ పిల్ల రోజున కూడా మూసుకుంటే తాను తల్లేనా?

కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. వెనక నుంచి కూతురు "వద్దమ్మా!" అంటున్నా ఆగలేదు.

"మావా! ఆ పరీచ్చలో ఒకటి మంచిది. తొమ్మిది తప్పినట్టు. మన జయరామ్ తప్పినాడు. పుష్ప గెలిచింది."

"ఏటి వాగతన్నావే!" పైడయ్య చెయ్యి ఎత్తాడు. ఆమె కదల్లేదు.

"నన్ను కొట్టు. కొట్టి, రేపు పొద్దున్న కిరాణీ బాబునడుగు. ఆరోజే ఆయనకి తెలుసు. నీ సంబరం సూసి సెప్పనేకపోనాడు. నీ కొడుకూ సెప్పనేకపోనాడు..."

ఎత్తిన చెయ్యి అలాగే కిందికి జారిపోయింది. గోడకు ఆనుకుని అతను నేల మీద కూలబడ్డాడు. అతను అన్న మాట భార్యను నిలువునా కోసేసింది.

"రెండేళ్ళు! నాను సెప్పుకు తిరుగుతుంటే, నా పక్కనే కూకుని ఇన్నావు కదే దాలమ్మా!"

ఆ తరవాత అతను ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, నీళ్ళు ఇస్తే తాగాడు. మర్నాడు ఆఫీసు దాకా వెళ్ళి, కిరాణీ ఎదురొస్తే తల తిప్పుకుని వెనక్కి వచ్చేశాడు. పుష్పవల్లి పుస్తకం ముట్టుకోవడానికి కూడా భయపడింది.

శనివారం తెల్లవారింది. కాపలావాళ్ళు కంచె గేటు తీసిన చప్పుడు వినబడగానే పైడయ్య లేచి స్నానం చేశాడు. పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని మార్కుల కార్డు జేబులో పెట్టుకున్నాడు. దాలమ్మ వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడి కూతురిని పిలిచాడు.

"ఏటే... అన్నీ ఒకట్లూ రెండ్లూ తెచ్చినావు కదా. ఈ ఒక్కదానికి మూడేల వచ్చింది? పెద్ద టీచరమ్మ అడిగితే ఏటి సెప్పాలి నాను?"

పుష్పవల్లికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "పెద్ద పరీచ్చకి తగ్గించేస్తాను అయ్యా!"

"తగ్గించాలి మరి. బస్సెల్లిపోతాది, రా!"

ఇద్దరూ గేటు దగ్గర వరసలో నిలబడ్డారు. కాపలావాళ్ళు ఒళ్ళు తడిమి, అడవిలో వాళ్ళకు బియ్యం గింజ పోవడం లేదని చూసుకుని వదిలారు. బస్సు ఎక్కబోతూ కూతురు చెయ్యి ఊపింది. పైడయ్య మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తాడేమోనని దాలమ్మ బస్సు మలుపు తిరిగేదాకా చూసింది.

ఎప్పటికి మాట్లాడతాడో, అసలు మాట్లాడతాడో లేదో... కూతురి బతుకు ఒడ్డున పడింది, ఆ మాత్రం చాలు అనుకుని ఇంట్లోకి వచ్చింది. ఇల్లంతా ఖాళీగా ఉంది. కొడుకు ఫోటో ముందు కూర్చుంది. ఇక దాచాల్సింది ఏమీ లేదు. ఆరోజు తొట్టి దగ్గర వాడు చెయ్యి పట్టుకుని ఏడ్చినప్పుడు అనాల్సిన మాట, భయంలో తట్టని మాట, ఇప్పుడు నోటికి వచ్చింది.

"తప్పితే తప్పినావు నాయినా... ఏటయ్యింది? నా కొడుకువి కాకుండా పోతావా?" అంటూ దాలమ్మ ఒక్కతే, గొంతెత్తి ఏడ్చింది.