రమామణి గొంతులోని భయం

2069 నాటికి హైదరాబాదులో ఏ సినిమా అయినా విడుదలైన ఉదయమే నలభై భాషల్లో మాట్లాడేది. నటుల పెదవులకు మాటలు అతికించే పని యంత్రాలది. ఏడుపు సన్నివేశాలకు మాత్రం ఇంకా మనుషుల్నే పిలిచేవారు. అలా నగరంలో మిగిలిన డబ్బింగ్ కళాకారులు నలభై ఇద్దరు. వాళ్లందరిలోకీ పెద్ద పసుపులేటి రమామణి. ముప్పై ఏళ్లుగా తెరమీద తల్లులు ఏడ్చిన గొంతు చాలావరకు ఆమెదే.

ఆ ఏడాది ఏడుపునూ యంత్రానికే అప్పగించాలన్న ప్రతిపాదన వచ్చింది. తేల్చాల్సింది అయిదుగురు సభ్యుల స్వర మండలి.

నాడీశాస్త్రవేత్త డాక్టర్ హైమవతి ఆ గొంతు వింటూ పెరిగిన మనిషి. ఎనిమిదేళ్లు కష్టపడి తయారుచేసిన స్పందవాహినిని ఆమె మండలి ముందుకు తెచ్చింది. అది తలకు చుట్టుకునే పలుచని పట్టీ. ఒకరు భయపడినప్పుడు వారి మెదడులో కదిలే విద్యుత్ సంకేతాలను సెన్సర్లు పట్టుకుంటాయి. ఇంకొకరి తలకున్న పట్టీ వాటినే వారి మెదడులో లేపుతుంది. ఎదుటివారి భయం మన కడుపులో పుడుతుంది.

"మీరేమీ వాదించొద్దు, రమామణిగారూ. రేపటినుంచి పని లేకపోతే ఎలా అని ఆలోచిస్తూ కూర్చోండి, చాలు," అంది హైమవతి.

"అది రోజూ చేసే పనే డాక్టరమ్మా," అంది రమామణి, పట్టీ కట్టించుకుంటూ. మండలి సభ్యులూ తలా ఒకటి కట్టుకున్నారు.

అర నిమిషంలో అధ్యక్షుడు భుజంగరావు గొంతు తడారిపోయింది. ఒక సభ్యురాలు, తానిక ఎవరికీ అక్కర్లేదంటూ వెక్కివెక్కి ఏడ్చింది. రెండో నిమిషం నిండకముందే అయిదుగురూ పట్టీలు లాగేశారు.

"ఇంత నరకమా తల్లీ," అంటూ భుజంగరావు రమామణి చేతులు పట్టుకున్నాడు. "ఇది ఎవరూ పడకూడదు. మేం చూసుకుంటాం."

హైమవతి గెలిచాననుకుంది.

ఆయన ఆమెవైపు తిరిగాడు. "డాక్టర్, భయాన్ని లేపే యంత్రం దాన్ని అణచగలదా?"

"సంకేతాన్ని తలకిందులు చేస్తే అణుగుతుంది. కానీ..."

ఆ తర్వాతి మాట ఎవరూ వినలేదు. వారం తిరక్కుండానే ఏకగ్రీవ తీర్మానం వచ్చింది. ఏడుపు యంత్రానికి. కళాకారులకు ఉచితంగా భయనివారణ.

హైమవతి భుజంగరావుకు ఫోన్ చేసింది. "నేను చూపించింది ఆ బాధకు కారణాన్ని ఆపుతారనండీ."

"కారణం ఎవరు ఆపగలరమ్మా? బాధనైతే తీయగలం." ఆయన గొంతు నీరసంగా ఉంది. "నాకింకా నిద్ర పట్టడం లేదు. ఆవిడ కుదుటపడితే గానీ నేను పడుకోలేను."

నెల తర్వాత ఒక మధ్యాహ్నం హైమవతి రమామణి ఇంటికి వెళ్లింది. రమామణి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మొహం తేటగా ఉంది. పని పోయిందని తనే చెప్పింది, నవ్వుతూ.

"ఒక్కసారి ఏదైనా తల్లి పాత్ర చెప్పండి. ఏడుపుది."

రమామణి కాయలు పక్కన పెట్టి గొంతు సవరించుకుంది. "నా బిడ్డ ఏదీ? నా బిడ్డను చూశారా?" పాలప్యాకెట్ ఎక్కడ పెట్టారని అడిగినట్టు ఉంది.

"బాగా వచ్చిందా?"

హైమవతి ఒక చిక్కుడుకాయ అందుకుని, ఈనె తీయకుండానే ముక్కలుగా తుంచసాగింది. రమామణి అది చూసి దగ్గరకు జరిగి, ఆమె చేతులను తన చేతుల్లోకి తీసుకుంది.

"భయపడుతున్నారా? మండలివాళ్లు మంచివాళ్లమ్మా. ఒక్క పూట పని. నేను తోడొస్తాను, మీరూ ఆ భయం తీయించుకోండి."