కళ్యాణి పేరున వచ్చిన ఇంటర్వ్యూ

బెంగళూరులో ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్య సర్వే చేసే సంస్థ ఒకటుంది. అలా తిరిగేవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచడం వరూధిని ఉద్యోగం. దానికోసం కుర్చీలోంచి లేవక్కర్లేదు. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారు, ఎంతసేపు కూర్చున్నారు, అన్నీ వాళ్ల చేతిలోని ట్యాబ్ నుంచి ఎదురుగా కంప్యూటర్ డ్యాష్‌బోర్డులో కనబడతాయి. పని సవ్యంగా సాగితే పేరు పక్కన పచ్చ రంగు. తేడా వస్తే ఎరుపు.

కళ్యాణి పేరు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. హిందూపురం నుంచి వచ్చి యలహంకలో అద్దెకుండే పాతికేళ్ల పిల్ల. అరగంటలో తేలాల్సిన ఇంటర్వ్యూకి ఆమెకు గంటలు పట్టేవి. ఊరికే కాలక్షేపం చేస్తోందని వరూధిని అనుమానం. ఆ రోజు హెబ్బగోడిలో ఒకే ఇంట్లో రెండు గంటలు దాటేసరికి ఒళ్లు మండి ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావ్ అక్కడ?"

కళ్యాణి గొంతు తగ్గించింది. "మేడమ్, ఈయమ్మ కూతురు జ్వరమొచ్చి పోయినాదంట. ఇంట్లో ఎవరన్నా చనిపోయినారా అని అడిగితిని. అప్పట్నుంచి ఏడుస్తానే ఉండాది. మధ్యలో లేసి ఎట్ల వచ్చేది?"

"ఏడుపు మన ఫారంలో లేదు కళ్యాణీ. జవాబు రాసుకుని లే. ఇంకా నాలుగిళ్లున్నాయి. అవి కాకపోతే రేపట్నుంచి రావద్దు."

కళ్యాణి లేచింది. వానలో ఆదరాబాదరాగా స్కూటీ తీసింది. హొసూరు రోడ్డు మీద లారీ కింద పడి, ఆస్పత్రికి చేరేలోపే పోయింది.

ఆ ఫోన్ సంగతి వరూధిని ఎవరికీ చెప్పలేదు. కానీ ఆనాటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఇరవై రోజుల తర్వాత, ఒక మధ్యాహ్నం, డ్యాష్‌బోర్డులో కళ్యాణి పేరు కదిలింది. ఇంటర్వ్యూ మొదలైంది. చోటు హెబ్బగోడి. అదే ఇల్లు.

"లలిత్, కళ్యాణి ట్యాబ్ ఎవరికిచ్చారు?"

"ఎవరికిస్తాం మేడమ్? నుజ్జయిపోయింది కదా." పక్క సీట్లోంచి లలిత్ లేచి, బీరువా తాళం తీసి చూపించాడు. ప్లాస్టిక్ కవరులో పగిలిన ట్యాబ్ అలాగే ఉంది.

వరూధిని బయల్దేరింది. ఆటో హెబ్బగోడి చేరేసరికి అక్కడ అప్పటికే వాన పడుతోంది. ఎదురెదురుగా అద్దె గదులు, మధ్యలో సన్నటి నడవ. పగలే చీకటి. నానిన గోడల వాసన, ఎక్కడో మాడిన పోపు కమురు. చివరి గది తలుపు వెనక ఎవరో మెల్లగా మాట్లాడుతున్నారు. ఒక్క గొంతే. కాసేపు మాట్లాడి ఆగుతోంది... ఎవరో ఊ కొట్టినట్టు... మళ్లీ మొదలవుతోంది.

తలుపు తట్టింది. గొంతు ఆగిపోయింది.

ఒక ముసలామె తీసింది. ఆమె పేరు సరోజమ్మ.

"సర్వే ఆఫీసోళ్లా? రామ్మా. మీ పాప లోపలే కూసోనుండాది."

లోపల ఒక మంచం, ఒక స్టూలు. మనిషి లేదు. స్టూలు అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. చుక్క... చుక్క... పైకప్పు పొడిగానే ఉంది.

"ఎవరూ లేరు కదమ్మా..."

"వాన పడినప్పుడల్లా వస్తాది," అంది సరోజమ్మ, స్టూలు వైపే చూస్తూ. "మా బిడ్డ శ్రుతి గురించి చెప్పమంటాది. ఆ పొద్దు సగంలో లేసి పోయె పాపం. ఎవరో ఫోన్లో గదమాయించినారు. ఇప్పుడట్ల కాదు. 'మెల్లగా చెప్పు పెద్దమ్మా, నాకిప్పుడు టైముండాది' అంటాది."

ఆ పిల్ల చచ్చిపోయిందన్న మాట వరూధిని నాలుక చివరిదాకా వచ్చింది. ఒక కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పాలి? స్టూలు ముందు నేలమీద కూర్చుంది. అరచేతికి తడి, మంచులా తగిలింది.

"కళ్యాణీ... ఆ ఫోన్ చేసింది నేనే. నన్ను క్షమించమ్మా..."



చుక్క పడటం ఆగింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి ఇంటర్వ్యూ పూర్తయినట్టు వచ్చి ఉంది. పద్నాలుగు గంటలు నడిచింది. ఇంటర్వ్యూ జరిగినంతసేపూ మాటలు రికార్డవుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

సరోజమ్మ గొంతు. తలుపు తట్టిన చప్పుడు. తన ఏడుపు. ఆ వెంటనే, చెవి పక్కనే కూర్చున్నట్టు, ఒక గుసగుస.

"ఏడవండి మేడమ్... ఏం పర్వాలేదు."

వరూధిని నోట్లో చీర కొంగు కుక్కుకుంది. అక్కడితో అయిపోయిందనుకుంది.

అవలేదు. వాన చప్పుడు. ఆటో చప్పుడు. మెట్లెక్కుతున్న అడుగులు... తనవే. తన ఇంటి తాళం తిరిగింది. తలుపు మూసుకుంది. తర్వాత, ముందుకు జరిపేకొద్దీ, గంటల తరబడి ఫ్యాను చప్పుడు, నిద్రలో తన ఊపిరి. భర్త పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో వరూధిని ఒక్కతే ఉంటోంది.

తెల్లవారుజాము దగ్గర, మళ్లీ ఆ గుసగుస.

"మేడమ్, మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

ఫ్యాను తిరుగుతోంది.

నిద్రమత్తులో, ముద్దగా, జవాబు చెప్పింది వరూధిని గొంతే.

"ఇద్దరం."