జ్వరం వల్ల కాదు

1983 వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే దేవకమ్మ వసారా కడిగి చాప పరిచింది. ఎప్పుడూ కూర్చునే బడికి సున్నం వేస్తున్నందువల్ల ఆ వారం రాజీ సంఘం ఆమె ఇంట్లోనే కూర్చోవాల్సి వచ్చింది.

ఆమె భర్త రాజారత్నం బంగారుపాళ్యం బడిలో ముప్పై ఏళ్ళు అయ్యవారుగా చేసి, రిటైరయ్యాక ఈ సంఘంలో చేరాడు. జీతం లేని పని. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా కొట్టుకున్నా, ఒకరి సొత్తు ఒకరు పాడుచేసినా, స్టేషను దాకా పోనివ్వకుండా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. తప్పు చేసినవాడు చేసింది చేసినట్టు తన నోటితో చెప్పాలి. దెబ్బ తిన్నవాడు ఏం కావాలంటాడో వినాలి. రెండేళ్ళలో రాజారత్నం మాటంటే ఊళ్ళో గురి కుదిరింది.

"మునిలక్ష్మీ, కాఫీకి పాలు సాలతాయా సూడు," అంది దేవకమ్మ.

వంటింట్లోంచి జవాబు రాలేదు. దేవకమ్మ లోపలికెళ్ళి, కూతురి కుడివైపున నిలబడి మళ్ళీ అడిగింది. మునిలక్ష్మికి ఎడమ చెవి వినపడదు. ఇరవై ఆరేళ్ళ మనిషి, ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

"సాలతాయి. వాళ్ళు పోయేదాకా నేను బయటికి రాను. కాఫీ నువ్వే ఇయ్యమ్మా."

"మీ నాయనకు నలుగురూ మొక్కతా ఉంటే నీకెందుకే అంత మంట?"

మునిలక్ష్మి పొయ్యిలో కట్టె ఎగదోసింది.

తొమ్మిదింటికి ఆదిమూలం, అతని తమ్ముడు మునెయ్య వచ్చారు. మామిడితోటకు నీళ్ళు కట్టే వంతు దగ్గర మాటామాటా పెరిగి ఆదిమూలం పార తిప్పి కొట్టాడు. మునెయ్య చెయ్యి విరిగింది. ఆసుపత్రిలో మాత్రం చెట్టు మీంచి పడ్డాడని రాయించాడు అన్న.

"ఏదో అయిపోయింది అయ్యోరా," అన్నాడు ఆదిమూలం తల గోక్కుంటూ.

"అయిపోలేదప్పా, నువ్వు చేసినావు. ఏం చేసినావో సెప్పు."

"వైద్యం నేనే చేయిస్తా ఉండాను గదా?"

"కొట్టింది నువ్వు. సెట్టు మీద నుంచి పడినాడని అబద్ధం ఆడింది నువ్వు. ఆ అబద్ధాన్ని వాడు మోసుకోని తిరగల్నా? ఎవురన్నా అడిగితే వాడు సిగ్గుతో తల దించుకోవల్నా?"

వంటింటి గడప మీదికి మునిలక్ష్మి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, తండ్రిని తప్ప ఇంకెవర్నీ చూడకుండా నిలబడింది.

"నాయనా, నా చెవి ఎట్లా పోయిందో వీళ్ళకు సెప్పు."

దేవకమ్మ కాఫీ గ్లాసులు అక్కడే దించి, గబగబా అందుకుంది. "చిన్నప్పుడు జ్వరమొచ్చి..."

"నిన్ను అడగలేదమ్మా."

"పెద్దోళ్ళ మధ్యలో ఏందిది? లోపలికి పో!" అన్నాడు రాజారత్నం.

ఆదిమూలం లేవబోయాడు. "మేము మళ్ళా వస్తాము అయ్యోరా."

"కూర్చోన్నా," అంది మునిలక్ష్మి. "నిన్ను కూర్చోబెట్టేదానికి ఈయన ఉండాడు. ఈయన్ని కూర్చోబెట్టేవాళ్ళు పదకొండేండ్లుగా ఎవురూ రాలేదు. ఆ పొద్దు కూడా ఇట్లే, నోరు తెరవక ముందే లోపలికి పో అన్నాడు."

రాజారత్నం కోపంగా చెయ్యెత్తి వంటింటి వైపు చూపించబోయాడు. మునిలక్ష్మి చటుక్కున తల పక్కకు తిప్పుకుంది. కళ్ళు మూసుకుని, భుజాలు ముడుచుకుని, దెబ్బ కోసం నిలబడింది.

అది మునెయ్య చూశాడు. ఆదిమూలమూ చూశాడు. రాజారత్నం చెయ్యి దానంతటదే కిందికి దిగిపోయింది.

అతను కుర్చీలోంచి దిగి ఆదిమూలం పక్కన చాప మీద కూర్చున్నాడు.

"నేనే కొట్టినాను," అన్నాడు. "దీనికి పదైదేండ్లు. స్నేహితురాండ్లతో కాణిపాకం పోయింది. దారిలో బస్సు చెడిపోయి, పొద్దు గూకి మబ్బు పడినాక వచ్చింది. వీధంతా చూస్తా ఉండారు. యాడికి పోయినావని గూడా అడగలేదు. లోపలికి పొమ్మని, తలుపేసి చెంప మీద కొట్టినాను. చెవిలోనుంచి నెత్తురు కారింది."

"డాక్టరుకు?" అంది మునిలక్ష్మి.

"జ్వరమొచ్చి చెవి కారతా ఉందని సెప్పినాను. అయ్యోరు సొంత బిడ్డను ఇట్లా కొట్టినాడంటే నా మర్యాద ఏం గావల్ల అనుకున్నాను."

దేవకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ అడక్కుండానే ఆదిమూలం తమ్ముడి వైపు తిరిగి, "పారతో కొట్టినాను రా. కావాలనే కొట్టినాను," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక రాజారత్నం కూతుర్ని అడిగాడు, "నన్నేం చెయ్యమంటావు?"

"ఈ చెవి ఇంకా చీము కారతానే ఉంది. వేలూరు పెద్దాసుపత్రికి పోదాం. డాక్టరుకు నిజం సెప్పు. అంతే."

మంగళవారం ముగ్గురూ బస్సెక్కారు. వేలూరులో చెవి డాక్టరు అరవంలో, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగాడు. దేవకమ్మ అలవాటుగా, "జ్వరమొచ్చి..." అని మొదలుపెట్టింది.

"కాదు. నేను కొట్టినాను," అన్నాడు రాజారత్నం.

డాక్టరు లైటు వేసి చెవిలోకి చాలాసేపు చూశాడు. చేతులు కడుక్కుని వచ్చి నెమ్మదిగా చెప్పాడు. దెబ్బకు చెవిలో పొర చిరిగింది. అప్పుడే నిజం చెప్పి వైద్యం చేయించి ఉంటే చాలావరకు మానిపోయేది. ఇన్నేళ్ళ చీము లోపలి ఎముకల్ని తినేసింది. చీము ఆగడానికి ఆపరేషను చేస్తానన్నాడు. వినికిడి మాత్రం ఇక రాదు.

బయట బెంచీ మీద రాజారత్నం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కుమిలిపోయాడు. "నీ చెవిని నేను రెండుసార్లు పోగొట్టినాను తల్లీ."

"కొట్టినందుకు నేను అప్పుడే ఏడ్చేసినాను నాయనా," అంది మునిలక్ష్మి. "ఇంటికొచ్చిన ప్రతి మనిషితో అమ్మ జ్వరమని సెప్తా ఉంటే, పక్కన నువ్వు తలాడిస్తా ఉండినావే. కొన్నాళ్ళకు నాకే అనుమానం వచ్చింది, నిజంగా జ్వరమే వచ్చిందేమో, నేనే నీ మీద లేనిపోనిది కల్పించుకుంటా ఉండానేమో అని. రాత్రిళ్ళు పండుకోని ఆ వీధి, ఆ చూసినోళ్ళు, అంతా ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటా ఉంటిని, నాకు పిచ్చి లేదని నాకు నేనే నచ్చజెప్పుకునేదానికి."

ఆ మాటతో ఆమెకు ఏడుపు వచ్చింది. పదకొండేళ్ళలో తల్లిదండ్రుల ముందు అదే మొదటిసారి. "ఇంటికొచ్చినోళ్ళకు జ్వరమని మొదట అనింది నేనే గదే," అంటూ దేవకమ్మ కూతురి మోకాళ్ళ మీద తల వాల్చింది.

రాజారత్నం చెయ్యి చాచాడు గానీ తాకే ధైర్యం చాలక బెంచీ మీదే ఆపేశాడు. కాసేపటికి మునిలక్ష్మే ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. వేసి, ఇంకా గట్టిగా ఏడ్చింది.