పదిహేనున్నర అంగుళాలు

పొద్దున్నే ఆఖరి కుట్టు వేసి, దారం పంటితో కొరికి, నీలం చొక్కా కూతురి చేతిలో పెట్టింది దర్జీ అమ్మ. బస్సుల షెడ్డులో మెకానిక్కుగా ఆ పిల్లకి అదే మొదటి రోజు. ఎనిమిదికల్లా కొత్త యూనిఫాంతో అక్కడుండాలి.

చొక్కా తొడుక్కుని, జుట్టు ముడేసుకుందామని కూతురు చేతులెత్తింది. వీపు మీద కుట్టు చర్రున చిరిగింది.

"అయ్యో, కాస్త మెల్లిగా! మీ పెద్దమ్మ కూతురు ఇలాంటి చొక్కానే ఎంత పొందిగ్గా వేసుకుంటుందీ..."

"అక్క బ్యాంకులో సంతకాలు పెడుతుంది. నేను బస్సు కింద దూరాలి." కూతురు ఆగింది. "అమ్మా, ఇది ఎవరి కొలత?"

ఆవిడ తల తిప్పి చూసింది. బల్ల మీద కాగితం కటింగు ఇంకా పరిచే ఉంది. తన అక్క కూతురు బ్యాంకులో చేరినప్పుడు ఆ పిల్ల కొలతకి కత్తిరించింది. ఈ చొక్కాకీ దాన్నే గుడ్డ మీద పరిచి కోసేసింది. ఇద్దరూ ఒక ఈడువాళ్లేగా అనుకుంది.

"వీధిలో అందరి కొలతలూ ఉన్నాయి నీ పుస్తకంలో. నాదేదీ?"

"కడుపున పుట్టినదానివి, నీకు కొలతెందుకే?"

"అందుకేనేమో, చిన్నప్పట్నించీ అక్క కొలతే నాకు తొడిగావు. దాని మార్కులు, దాని రంగు, దాని నడక. పంతం నీకూ పెద్దమ్మకీ. ఆయాసం నాకు."

"నీ బాగు కోసం కాదూ?"

"కాదు. పెద్దమ్మ మేడ మెట్లెక్కినప్పుడల్లా నీకు కడుపు మండుతుంది. ఆ మంట నా మీద చల్లార్చుకున్నావు."

చెంప పగలగొడదామని లేచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. చిరిగిన చొక్కా విప్పేస్తున్న కూతురి మోచేతి మీద, రూపాయి బిళ్లంత కాలిన మచ్చ.

"ఇదెప్పుడే?"

"శిక్షణలో. నాలుగు నెలలైంది. చూపిద్దామని వచ్చాను. నువ్వు ఫోనులో అక్క బ్యాంకు ఫొటోలు చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నావు. వెనక్కెళ్లిపోయాను."

ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. ఊరందరి ఒళ్లూ తడిమిన చేతులు. సొంత పిల్ల ఒంటి మీద మచ్చ తెలియలేదు.

మెడలోని టేపు తీసింది. "ఒక్క నిమిషం నిలబడవే."

"టైము లేదు. పాత చొక్కాతోనే పోతాను. తిడితే తిట్టనీ."

"సాయంత్రానికి కుట్టేస్తాను. ఒక్క నిమిషం."

కూతురు బిగుసుకుని, గోడవైపు తిరిగి నిలబడింది. ఆవిడ భుజానికి టేపు పట్టి చూసింది.

"పదిహేనున్నర. మీ అక్క కంటే..."

నాలుక కరుచుకుంది. టేపు కింద ఆ భుజం రాయిలా బిగిసింది.

ఎక్కువో తక్కువో చెప్పెయ్యాలని నోరు దురద పెడుతోంది. ఇన్నేళ్ల అలవాటు. ఆవిడ ఆ మాటని గొంతులోనే అదిమిపెట్టింది. కళ్లు మసకబారి టేపు మీద అంకెలు అలుక్కుపోయాయి.

"పదిహేనున్నర," అంది మళ్లీ.

"అంతేనా?"

"అంతే."

కూతురు వెనక్కి తిరగలేదు. కానీ రెండో కొలతకి, అడక్కుండానే చెయ్యి చాపింది.