రెక్కల వెనక వైపు

శనివారం సాయంత్రం గూఢచారి ఆఫీసులో ఫైళ్ళ గుమాస్తా విషం మింగి చచ్చాడు. చచ్చే ముందు సగం నిజం చెప్పాడు. ఆఫీసుకి సగం నిజం దొరికితే చాలు, మిగతా సగాన్ని తన తెలివితక్కువతనంతో పూడ్చుకుంటుంది.

ఆదివారం పొద్దున్నే కర్నల్ ఉర్తా చుట్ట వెలిగించి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎదురుగా ఏజెంట్ నెల్సన్ బిదెగాయిన్, పక్కన పెర్లా రొవీరా. మాంటెవీడియోలో ఏ రాయబారి విందు ఇచ్చినా పెర్లా అక్కడ ఉంటుంది. విన్నదంతా ఆఫీసుకి మోసుకొస్తుందని ఆఫీసు మురిసిపోతుంటుంది.

"బ్యూనస్ ఐరిస్ ముఠాలో మనవాడు ఒకడున్నాడు. వాడి అసలు పేరుని ముఠాకి అమ్ముకోడానికి గుమాస్తా మైక్రోడాట్‌లోకి ఎక్కించాడు. ఆవగింజంత ఫిల్ము. దాన్ని పాత పైలట్ల రెక్కల బ్యాడ్జి ఒకదాంట్లో దాచి, త్రిస్తాన్ నర్వాహా సంతలో పిట్టలూగా అనే ముసలాడికిచ్చాడు. ఏ బ్యాడ్జో చెప్పకుండానే చచ్చాడు. పదకొండింటికి ముఠా మనిషి వచ్చి 'ఎడమ రెక్కకి ఈకలెన్ని?' అని అడుగుతాడు. అదే కోడ్. అడిగినవాణ్ణి పట్టుకో."

"బల్ల మీదున్నవన్నీ ఎత్తుకొచ్చేస్తే పోలేదా సార్?"

"నాలుగొందల బ్యాడ్జీలయ్యా. అది చూస్తే కొనేవాడు పారిపోడూ?"

"ఎక్కువమందిని పెట్టినా అనుమానమే కర్నల్," అంది పెర్లా తియ్యగా. "నెల్సన్ బల్ల దగ్గర ఉంటాడు. నేను వీధి మలుపులో ఉంటాను. చాలదూ?"

కర్నల్ తలూపాడు. అందమైన ఆడమనిషి మాటకి తలూపడం ఆయన దృష్టిలో దేశసేవే.

ఆ 'మనవాడు' నెల్సన్ తమ్ముడు మిల్టన్. బతికున్నవాళ్ళలో ఆ సంగతి తెలిసింది కర్నల్‌కీ నెల్సన్‌కీ మాత్రమే. వేరే పేరుతో ముఠా ఆఫీసులో ఫోన్లు ఎత్తుతుంటాడు మిల్టన్. ప్రతి గురువారం వాడే రేడియోలో పలకాలి తప్ప, వాణ్ణి పిలిచే దారి లేదు. వాడి పేరు గానీ నది దాటి అవతలి ఒడ్డున బ్యూనస్ ఐరిస్ చేరిందంటే సాయంత్రానికి వాడి శవం అదే నదిలో తేలుతుంది.

ఆఫీసు అతనికి రెండు సాధనాలు ఇచ్చింది. ఒకటి కెమెరా దాచిన ఫౌంటెన్ పెన్ను. అది ఫొటోలు తీసిన దాఖలా లేదు గానీ సిరా మాత్రం ధారాళంగా కారుస్తుంది. రెండోది ఉక్కు గొలుసు బ్రీఫ్‌కేసు. దాని గొలుసుకి బేడీలు రెండు, ఒకటి మణికట్టుకి, రెండోది ఖాళీగా వేలాడుతుంటుంది. వేషం, పైసాందూ అనే ఊరి నుంచి వచ్చిన బ్యాడ్జీల పిచ్చోడు. వేషానికి తగ్గ కార్డు కూడా ఇచ్చారు. జన్మలో విమానం ఎక్కనివాళ్ళు పైలట్ల రెక్కల కోసం కొట్టుకు చావడమేమిటో నెల్సన్‌కి అంతుపట్టలేదు. అలాంటి వెధవలా నటించడం ఎంతసేపు అనుకున్నాడు.

సంతలో ఒక పక్క పంజరాల్లో పిచ్చుకలు, ఇంకో పక్క తుప్పు పట్టిన కుళాయిలు. మధ్యలో అడ్డకమ్మీల ఇనప కాళ్ళ బల్ల, దాని వెనక దొన్ అన్సెల్మో పిట్టలూగా. వాయుసేనలో ముప్పైయెనిమిదేళ్ళు మెకానిక్‌గా చేసి దిగిపోయాడు. చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే అనే ఆకు టీ పీల్చే బుర్ర.

"ఏం కావాలబ్బాయ్?"

"రెక్కలు పోగేస్తుంటానండి. పైసాందూ నుంచి వచ్చాను." నెల్సన్ ముందు వరసలోంచి ఒకటి తీశాడు. "ఇది బావుందే. ఎంత మెరుస్తోందో!"

ముసలాడు మాతే పీల్చడం ఆపాడు. "మెరుస్తోందా? ఎవడో గాడిద దాన్ని పళ్ళపొడితో తోమాడు. పాతికేళ్ళ నలుపు పోయింది. ఇప్పుడది చెంచా. నీలాంటి వాళ్ళొస్తారనే ముందు వరసలో పెట్టా."

"అంటే..."

"రెక్కలు పోగేసేవాడు ముందు వెనక్కి తిప్పి చూస్తాడయ్యా! మొహానిదేముంది, ఎవడైనా పోత పోస్తాడు. వెనక మర ఎలాంటిది, నట్టు ఎవరిది, దాని మీద కంసాలి ముద్ర ఏది, అదీ చూడాల్సింది. నువ్వేమో బ్యాడ్జీలొదిలేసి వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూస్తున్నావ్. దొంగవా, పోలీసువా?"

"అయ్యో, రెండూ కాదండి."

"అయితే దొంగవే. పోలీసులకి కాస్తయినా తర్ఫీదు ఇస్తారు."

పదకొండయింది. జనంలోంచి తెల్ల చేతి తొడుగులతో పెర్లా వచ్చింది. ఇక్కడికెందుకొచ్చావ్, వెనక్కి పో అని నెల్సన్ కళ్ళతోనే సైగ చేశాడు. ఆమె అతని వంకే చూడలేదు.

"దొన్ అన్సెల్మో, ఎడమ రెక్కకి ఈకలెన్ని?"

"పదమూడు," అన్నాడు ముసలాడు విసుగ్గా. "ఆ గుమాస్తా ఇదే చెప్పమన్నాడు. ఈకలు లెక్కపెట్టుకోలేని వాళ్ళకి రెక్కలెందుకో!" బల్ల కిందనుంచి కాయితప్పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నెల్సన్ కదిలేలోగా ఆమె హ్యాండ్‌బ్యాగు అతని డొక్కలో ఆనింది. బ్యాగులో ఉన్నది పౌడరు డబ్బా కాదని అతనికి అర్థమైంది. ఇంకో చేత్తో ఆమె బ్రీఫ్‌కేసు గొలుసు లాగి, ఖాళీ బేడీని బల్ల కాలికి టక్కున తగిలించేసింది.

"మీ ఆఫీసు సామాన్లు బాగానే పనిచేస్తాయే! పదకొండుంపావుకి రేవులోంచి నీటివిమానం లేస్తుంది నెల్సన్. కర్నల్‌ని అడిగానని చెప్పు."

"పెర్లా, అందులో ఎవరి పేరుందో తెలుసా నీకు?"

"నాకెందుకు చెప్తారు? నేను వాళ్ళకీ నమ్మకస్తురాల్ని కాదుగా." నవ్వింది.

మా తమ్ముడు అన్న మాట నెల్సన్ నోటిదాకా వచ్చింది. అది బయటికొస్తే ఆమెకి ఫిల్ముతో పనే లేదు. మింగేశాడు. తెల్ల తొడుగులు జనంలో కలిసిపోయాయి.

బేడీ తాళంచెవి పెన్ను మూతలో ఉండాలి. మూత తిప్పాడు. చేతినిండా సిరా. తాళంచెవి లోపలే తుప్పు పట్టి అతుక్కుపోయింది.

"దొన్ అన్సెల్మో, మీకు దణ్ణం పెడతాను, దీన్ని విప్పండి!"

"విప్పను. మర్యాదస్తురాలు, దొంగని కట్టేసి పోయింది. నేనెందుకు విప్పాలి?"

"నేను ప్రభుత్వం మనిషిని!"

"కార్డు చూపించు."

కార్డులో పైసాందూ అనే ఉంది. ముసలాడు చదివి, అతని జేబులోనే తిరిగి పెట్టి, ఫ్లాస్కులోంచి నీళ్ళు పోసుకున్నాడు. నెల్సన్ గొలుసు లాగాడు, బల్లని తన్నాడు, బ్యాడ్జీలు ఎగిరాయి. "బల్ల జోలికొస్తే చెయ్యి విరుస్తా," అన్నాడు ముసలాడు. అప్పుడే ఇళ్ళ కప్పుల మీదుగా ఇంజిన్ల మోత సాగిపోయింది.

నెల్సన్ నేల మీద కూలబడ్డాడు. కార్యదక్షుడని ఆఫీసులో పేరున్న మనిషి, సంత మధ్యలో, సిరా చేతుల్తో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఇక దాచి ఏం లాభం? వాడు నా తమ్ముడండీ. వాడి పేరుని ఫిల్ములో పెట్టి ఆ బ్యాడ్జిలో దాచారు. రాత్రికి వాణ్ణి చంపేస్తారు. వాణ్ణి అక్కడికి పంపింది నేనే!"

ముసలాడి చేతిలో మాతే ఆగిపోయింది. దొంగలు ఇలా ఏడవరని అతనికి తెలుసు. ఒక బ్యాడ్జి సూదితో రెండు సెకన్లలో బేడీ విప్పేశాడు.

"బ్యాడ్జిలో ఎక్కడ?"

"తెలీదు."

"నాకు తెలుసు. ఆ దిక్కుమాలిన నట్టులో." పిట్టలూగా మొహం ఎర్రబడింది. "పందొమ్మిది ముప్పైయైదు నాటి మన రెక్కలు. వెనక్కి తిప్పి చూద్దును కదా, బ్యూనస్ ఐరిస్ కంసాలి ముద్ర! మన రెక్కకి వాళ్ళ నట్టు! ఒళ్ళు మండిపోయింది. సరుకు నాది కాకపోతేనేం, నా బల్ల మీదనుంచి అలా పోనిస్తానా? శుక్రవారమే ఊడబెరికి మన నట్టు బిగించా."

నెల్సన్ లేచి నిలబడ్డాడు. "మరి... ఆ తప్పు నట్టు?"

ముసలాడు బల్ల కిందనుంచి బిస్కెట్ల డబ్బా లాగాడు. సగం దాకా నట్లే. కళ్ళు పైకెత్తి, వేళ్ళతో కెలికి, ఒకటి తీశాడు. దాని లోపలి అంచున ఆవగింజంత నల్ల ఫిల్ము అంటుకుని ఉంది.

నెల్సన్ ఆ ముసలి చేతుల్ని కళ్ళకద్దుకున్నాడు.

"వదలయ్యా, సిరా!" అన్నాడు పిట్టలూగా.

గురువారం రేడియోలో మిల్టన్ పలికాడు. "అన్నయ్యా, ఇక్కడందరికీ మతిపోయింది. మా పెద్దాయన నాలుగు రోజులుగా ఒక బ్యాడ్జి నట్టుని భూతద్దం కింద పెట్టుకుని కూర్చున్నాడు. తెచ్చినావిడని గదిలో పెట్టి, ఫిల్ము ఎక్కడ అమ్మావని అడుగుతున్నారు. అసలు ఆ నట్టులో ఏముంది?"

"ఏమీ లేదురా," అన్నాడు నెల్సన్.

కర్నల్ ఉర్తా ఈ విజయం తన పథకమేనని రిపోర్టు రాసుకున్నాడు. దయతలచి పిట్టలూగాకి ఒక పతకం మంజూరు చేశాడు. తరవాతి ఆదివారం నెల్సన్ దాన్ని మఖమలు పెట్టెలో తీసుకెళ్ళాడు. బాగా మెరుస్తోంది.

పిట్టలూగా దాని మొహం చూడలేదు. వెనక్కి తిప్పి, నట్టుని గోటితో గీరి, నెల్సన్ వంక జాలిగా చూశాడు. తరవాత పళ్ళపొడితో తోమిన బ్యాడ్జిని కాస్త పక్కకి జరిపి, ముందు వరసలో పతకానికి చోటు చేశాడు.